తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(గుంటూరు మిర్చి ప్రాంతంలోని ఒక ఊళ్లో కమ్యూనిటీ హాలును మిర్చి వ్యాపారికి అద్దెకివ్వాలా వద్దా అని మాలపల్లె, మాదిగపల్లె కలిసి సమావేశం పెట్టుకున్నాయి. అందులో ఆ ఊరి ఆడబిడ్డ, ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం ఇది. మాట్లాడినదాన్ని ఆమే కాయితం మీద పెట్టి పంపారు. ఇలాంటి హాలు ఉన్న ప్రతి పల్లెకూ పనికొస్తుందని అచ్చు వేస్తున్నాం. – సం.)

అమ్మలారా, అక్కలారా, అన్నలారా, తమ్ముళ్లారా! కుర్చీల్లో కూర్చున్న పెద్దలకూ, ఎప్పట్లాగే వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మా ఆడవాళ్లకూ, అందరికీ జై భీం.

నేను ఉపన్యాసాలిచ్చేదాన్ని కాదు. బళ్లో నలభై మంది పిల్లలకి వినపడే గొంతు నాది, అంతే. ఈ ఊరి మాదిగపల్లెలో పుట్టాను. మా వంశంలో డిగ్రీ దాకా పోయింది నేనే మొదలు. మా అమ్మది ఇప్పటికీ వేలిముద్రే. ఆ ఇంట్లోంచి వచ్చిన మనిషిగా మాట్లాడతాను. తప్పులుంటే సర్దుకోండి, నిజాలుంటే మాత్రం పట్టించుకోండి.

ఇయ్యాల మనం కూర్చున్న సంగతి అందరికీ తెలుసు. మిర్చి వ్యాపారి ఒకాయన ఈ హాలు అద్దెకి అడుగుతున్నాడు. ఏడాదికి నలభై వేలు ఇస్తాడట. కారుతున్న పైకప్పు బాగుచేయిస్తాడట. ఫిబ్రవరి నించి ఆగస్టు దాకా తన టిక్కీలు పెట్టుకుంటాడు, మిగతా నెలలు మనల్ని వాడుకోమంటున్నాడు. హాలు ఊరికే పడి ఉంది, గబ్బిలాలు తిరుగుతున్నాయి, నాలుగు డబ్బులు వస్తే పోయిందేముంది అని చాలామంది పెద్దలు సరే అన్నారు. వాళ్లది దురుద్దేశమని నేను అనను. పాడుపడ్డ ఇంటిని చూసి ఎవరికైనా అదే ఆలోచన వస్తుంది.

నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. ఈ హాలు ఎందుకు పాడుపడింది? దానికి జవాబు చెప్పుకోకుండా అద్దె సంగతి తేల్చవద్దు.

మీలో నలభై దాటినవాళ్లకి 1990 మే తుఫాను గుర్తుండే ఉంటుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా గుడిసె కప్పు ఎగిరిపోయింది. మా నాన్న నన్ను భుజాన వేసుకుని చర్చికి పరిగెత్తాడు. రెండు పల్లెల జనం ఆ ఒక్క చర్చిలో ఒకరి మీద ఒకరు పడి ఉన్నాం. ఊళ్లో డాబాలున్నాయి, గొడ్ల చావిళ్లున్నాయి, సత్రం ఉంది. మనల్ని ఒక్కరూ లోపలికి రమ్మనలేదు. తుఫాను తగ్గాక మన పెద్దలు కూడబలుక్కుని మనకంటూ ఒక పక్కా కట్టడం కావాలని అర్జీ పెట్టారు. మరుసటేడు అంబేడ్కర్ శత జయంతి వచ్చింది. ఆ పేరు చెప్పి మళ్లీ తిరిగారు. 1992లో ఈ హాలు లేచింది.

గవర్నమెంటు డబ్బు కొంతే. పునాది తవ్వింది మీ నాన్నలు. కాలవ గట్టు నించి ఇసక మోసింది మా అమ్మలు. పగలు ఆసాముల చేలల్లో కూలికి పోయి, వెన్నెల్లో వచ్చి ఇక్కడ మోశారు. దానికి కూలి ఎవరూ అడగలేదు. ఆ ఇసక తట్టలకి ఇయ్యాల వ్యాపారి నలభై వేలు కడుతున్నాడు.

హాలు కట్టారు. తాళం కొన్నారు. తాళంచెవి ఎవరికిచ్చారు? కంట్రాక్టరు తీసుకెళ్లి ఊళ్లో ఒక పెద్ద ఆసామి చేతిలో పెట్టాడు. హాలు మనది, తాళం ఆయనది! మన ఇంట్లో పెళ్లయితే ఆయన వాకిట్లో చెప్పులు విప్పి నిలబడి అడుక్కోవాలి. ఆయన నిద్ర లేచేదాకా ఆగాలి. ఒక ఏడాది పురుగుమందు డబ్బాలు పెట్టుకున్నాడు. ఆ వాసన మా అక్క పెళ్లి భోజనాల్లో కూడా వచ్చింది.

తర్వాత మన కుర్రాళ్లు గొడవపడి తాళంచెవి తెచ్చారు. సంతోషించాం. అది మనలోనే ఒక పార్టీ నాయకుడి దగ్గరికి చేరింది. ఆయన పార్టీ వాళ్లకి తలుపు తీసేవాడు, రెండో పార్టీ వాళ్లకి తీసేవాడు కాదు. ఆ తర్వాత యువజన సంఘం చేతికొచ్చింది. క్యారంబోర్డు పెట్టారు, తర్వాత పేకాట పెట్టారు. ఆడపిల్ల గుమ్మం తొక్కితే అదోలా చూసేవాళ్లు.

నేను పదో తరగతి చదివింది ఈ హాలు లోపల కాదు. బయట అరుగు మీద, వీధి దీపం కింద. లోపల ట్యూబులైటు వెలుగుతుండేది, దాని కింద పేకాట నడుస్తుండేది. ఆ అరుగు మీద కూర్చుంటే తేళ్లు పాకేవి. మా అమ్మ పక్కన చీపురు పట్టుకుని కూర్చునేది. నేను పాసయ్యాను. నాతో పాటు ఆ అరుగు మీద కూర్చున్న ముగ్గురు ఆడపిల్లలు పాసవ్వలేదు. వాళ్లకి నాకంటే తెలివి తక్కువై కాదు. చీపురు పట్టుకుని కాపలా కూర్చునే తీరిక వాళ్ల అమ్మలకి లేదు.

ఇంకో మాట చెబుతాను, మాలపల్లె పెద్దలకి కోపం రావొచ్చు, రానీండి. ఈ హాలు రెండు పల్లెలకీ అని కాయితంలో ఉంది. కట్టింది మాత్రం మాలపల్లెలో. మా మాదిగపల్లె ఇక్కడికి నూటయాభై గజాలు. ఆ నూటయాభై గజాలు నడిచి ఈ హాల్లో చాప మీద కూర్చోడానికి మాకు పద్నాలుగేళ్లు పట్టింది. ఊరు మనల్ని దూరం పెట్టిందని మనం ఏడుస్తాం. మన హాలు గుమ్మం దగ్గర మనం ఎవర్ని దూరం పెడుతున్నామో చూసుకోం.

వర్గీకరణ మీద నా మాట నాకుంది, మీ మాట మీకుంది. 2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఇంటికొక వాదన నడుస్తూనే ఉంది. నడవనీండి. ఆ వాదన రోడ్డు మీద టీ కొట్టు దగ్గర, ఊరి వాళ్లు పక్కన నిలబడి నవ్వుతుండగా చేసుకోవాలా, మన హాల్లో తలుపేసుకుని చేసుకోవాలా? గట్టిగా తగువులాడుకుని మళ్లీ కలిసి టీ తాగడానికైనా మనకొక చోటు కావాలి.

ఇంతకీ ఈ హాలు బతికిన రోజులు కూడా ఉన్నాయి. 2006 నించి మూడేళ్లు. రిటైరయిన మా బాబాయి ఒకాయన, బస్సు కండక్టరుగా చేసినాయన, తాళంచెవి అడిగి తీసుకున్నాడు. కండక్టరు గదా, లెక్క తప్పడు, టైము తప్పడు. రోజూ సాయంత్రం ఆరింటికి తలుపు తీసేవాడు, తొమ్మిదింటికి వేసేవాడు. మొదటిసారి మా పల్లెకి వచ్చి ఇంటింటికీ చెప్పింది ఆయనే. నేను అప్పటికే పక్క మండలంలో టీచరుని. శని ఆదివారాలు వచ్చి కూర్చునేదాన్ని. అప్పుడు రాసిన నోటుపుస్తకం ఇదిగో, నా చేతిలో ఉంది. నాలుగు ముక్కలు చదువుతాను.

‘వితంతు పింఛను. అర్జీలు మూడు పెట్టాం. మొదటి రెండిటికి రసీదు లేదు, అవి ఏమయ్యాయో తెలీదు. మూడోదానికి రసీదు తీసుకున్నాం. నాలుగో నెలలో పింఛను వచ్చింది.’

‘ఉపాధి హామీ. కాలవ పూడిక పని. ముప్పయ్యొక్క మంది. పని కావాలని రాసిచ్చిన కాయితానికి రసీదు ఇవ్వమన్నాం. ఇవ్వనన్నారు. అందరం పోయి ఆఫీసు ముందు కూర్చున్నాం. సాయంత్రానికి ఇచ్చారు.’

ఆ పథకం దేశంలో మొదలైంది మన రాష్ట్రంలోనే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు. అప్పుడు రోజు కూలి ఎనభై రూపాయలు. ఆ ఎనభై చూసి ఆసాములకి కోపం వచ్చింది, ఎందుకంటే చేలో కూలి కూడా పెంచాల్సి వచ్చింది. చట్టం ఢిల్లీలో చేశారు. దాన్ని మన చేతికి తెచ్చింది మాత్రం ఆ రసీదు. ఆ రసీదు అడగాలని ముప్పయ్యొక్క మంది ఒక్కసారి అనుకోడానికి ఒక గది ఉండబట్టి సరిపోయింది.

‘తొమ్మిదో తరగతి పిల్ల. పెళ్లి కుదిర్చారు. తల్లినీ మేనమామనీ హాల్లో కూర్చోబెట్టి రెండు సాయంత్రాలు మాట్లాడాం. ఆగింది.’ ఆ పిల్ల ఇయ్యాల ఈ సభలోనే ఉంది. పేరు చెప్పను. తన పిల్లల్ని తీసుకుని వచ్చింది.

‘వాన. మాదిగపల్లెలో చావు. ఇంట్లో మోకాటి లోతు నీళ్లు. శవాన్ని హాల్లో పెట్టాం. రాత్రంతా రెండు పల్లెల వాళ్లూ కూర్చున్నారు.’

నోటుపుస్తకంలో మా బాబాయి చేతిరాతతో ఇంకోటి ఉంది. 2008లో మన పిల్లాడొకణ్ణి సెంటర్లో కులం పేరు పెట్టి తిట్టి కొట్టారు. ఆ రాత్రే హాల్లో కూర్చుని, చూసిన వాళ్లని పిలిచి, ఎవరు ఏమన్నారో ఆ మాటలే ఉన్నవున్నట్టు రాసి, తెల్లారేసరికి ఫిర్యాదు ఇచ్చాం. కేసు కట్టారు. ఆ తర్వాత ఆ సెంటర్లో ఆ మాట మళ్లీ వినపడలేదు.

బాబాయి పోయాడు. తలుపు పడింది. ఎవరూ కావాలని వెయ్యలేదు. తీసేవాడు లేడు, అంతే. 2017లో మళ్లీ అలాంటిదే జరిగింది. ఈసారి దెబ్బలు తిన్నది పొలం పనికి పోయిన ఆడమనిషి. ఆ రాత్రి వాళ్లు ఎక్కడికి పోవాలి? హాలుకి తాళం. నలుగురూ నాలుగు ఇళ్లలో కూర్చుని నాలుగు రకాలుగా ఆలోచించారు. పొద్దున్నే ఊరి పెద్ద కబురు పెట్టాడు, రాజీ చేసుకుందాం రమ్మని. ఆయన పంచలో నిలబెట్టి మాట్లాడారు. నాలుగు రోజులు గడిచాయి. అప్పుడు పోతే, ఇన్నాళ్లు ఏం చేశారని మొదటి ప్రశ్న అడిగారు. చూసిన సాక్షి చూడలేదన్నాడు. ఆ అక్క ఈ ఊరు వదిలేసి పోయింది. దీనికి అద్దె ఎంత కడతాడో ఆ వ్యాపారిని అడగండి.

మిత్రులారా, కూర్చునే చోటు కోసం కొట్లాట మనతో మొదలవలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలు చెప్పించి మన జనాన్ని ఒకచోట కూర్చోబెట్టాడు. ఆ తర్వాత మన పిల్లలకి బళ్లు పెట్టాడు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం ఆ కృషికే గుర్తు. బొంబాయిలో బాబాసాహెబు చదువు ముగించుకుని వచ్చాక, 1924 జూలైలో పెట్టిన మొదటి సంఘం బహిష్కృత హితకారిణి సభ. దాని ఆశయాల్లో ఏం రాసుకున్నారో తెలుసా? హాస్టళ్లు పెట్టాలి, గ్రంథాలయాలు పెట్టాలి, జనం కలుసుకునే కేంద్రాలు పెట్టాలి, చదువుకునే తరగతులు నడపాలి. 1925లో షోలాపూరులో హాస్టలు తెరిచారు. మహద్ చెరువు నీళ్లు ముట్టుకున్నది 1927లో. అంటే చెరువుకి నడవక ముందే కూర్చునే చోట్లు వెతుక్కున్నారు. బోధించు, సమీకరించు, పోరాడు అని గోడల మీద రాస్తాం గదా. ఎక్కడ బోధించాలి? ఎక్కడ సమీకరించాలి? నడిరోడ్డు మీదా?

మన పక్కనే కారంచేడు. 1985 జూలై 17న ఆరుగుర్ని చంపారు. గొడవ పుట్టింది మనం తాగే నీళ్ల దగ్గర. మిగిలినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. ఊళ్లో తలెత్తి మాట్లాడలేని జనం ఆ శిబిరంలో ఒకచోట కూర్చున్నాక, రాష్ట్రమంతా వినపడేట్టు మాట్లాడారు. దళిత మహాసభ పుట్టింది ఆ ఏడాదే. ఇల్లూ వాకిలీ పోయినవాళ్లే కూర్చునే చోటుని అంతగా వాడుకున్నారు. స్లాబు వేసిన హాలు ఉండి మనం మిర్చి టిక్కీలకిద్దామా?

చోటు కాపాడుకోకపోతే ఏమవుద్దో కూడా చూశాం. బొంబాయి దాదర్‌లో అంబేడ్కర్ భవన్ ఉండేది. బాబాసాహెబు కాలం నాటి బుద్ధభూషణ్ ప్రెస్సు అక్కడే. 2016 జూన్ 25 తెల్లారుజామున, జనం నిద్రలో ఉండగా, బుల్డోజర్లు పెట్టి కూల్చారు. ఎవరు చేయించారు? శత్రువులు కాదు. ఆ స్థలాన్ని చూసుకోవలసిన ట్రస్టు వాళ్లే. పాతది కూలగొట్టి పెద్ద భవనం కడతామన్నారు. జూలైలో వేలాది జనం వాన లెక్కచెయ్యకుండా బొంబాయి వీధుల్లో నడిచారు.  తాళంచెవి మనవాళ్ల దగ్గరే ఉంటే చాలదని, ఉన్నవాడు పదిమందికి లెక్క చెప్పాలని దాదర్ మనకి నేర్పింది. మన హాలుకి జరిగింది కూడా అదే, చిన్న ఎత్తున.

ఇప్పుడు కొందరు తమ్ముళ్లు అడుగుతున్నారు: ‘అక్కా, 2019 నించి గ్రామ సచివాలయం ఉంది. చేతిలో ఫోనుంది. ఇంకా హాలెందుకు?’ మంచి ప్రశ్న. సచివాలయం పని సచివాలయం చెయ్యాలి. కానీ కౌంటరు దగ్గరికి పోయిన మనిషికి ఏం అడగాలో తెలిసుండాలి గదా. నా బళ్లో చూస్తుంటా. పిల్లాడి పేరు బడి రిజిస్టర్లో ఒక రకం, ఆధార్‌లో ఒక రకం, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకం. స్కాలర్‌షిప్పు ఆగిపోద్ది. ఎందుకు ఆగిందో తల్లికి తెలీదు. ‘మనకి రాదులే’ అనుకుని ఊరుకుంటది. రావలసింది రాకపోతే తలరాత అనుకునే అలవాటు మనకి తరతరాలుగా ఉంది. ఆ అలవాటు పోగొట్టడానికే హాలు. పైగా గవర్నమెంటు మనుషులు వస్తుంటారు, పోతుంటారు. వాలంటీర్లొచ్చారు, వెళ్లిపోయారు. మన హాలు మన ఓట్ల లెక్కతో మారకూడదు.

హాలు తెరిస్తే ఏం చెయ్యాలో నేను రాసుకొచ్చాను. పెద్ద పెద్దవి కాదు, మన చేతనయ్యేవే.

ఒకటి, సాయంత్రం చదువు. రోజూ ఆరు నించి ఎనిమిదిన్నర దాకా. ట్యూషను అనుకోవద్దు. వెలుతురు, చాప, నిశ్శబ్దం, మంచినీళ్లు, తెలియనిది చెప్పడానికి ఒక మనిషి. చాలా ఇళ్లలో ఒకే గది, అందులోనే టీవీ, అందులోనే పొయ్యి. పిల్ల ఎక్కడ చదువుద్ది? ఐదో తరగతికి పోయే పిల్లలకి గురుకులం ప్రవేశ పరీక్ష కూడా ఇక్కడే చెబుదాం. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు రెండు పల్లెల్లో కలిపి తొమ్మిది మంది ఉన్నారు, లెక్కపెట్టాను. వంతులేసుకుంటే వారానికి ఒక్క సాయంత్రం పడుద్ది.

రెండు, ఆదివారం పొద్దున అర్జీల బల్ల. ఒక రిజిస్టరు. ఎవరు వచ్చారు, ఏం రాశాం, ఎవరికి ఇచ్చాం, రసీదు నంబరు ఎంత, ఎన్నాళ్లయింది. ప్రతి కాయితం నకలు హాల్లో ఫైల్లో ఉండాలి. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు, ఒంటరిగా పోవద్దు, ఇద్దరు కలిసి పోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయి ఆఫీసులో అడిగితే ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆ పైన పది. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. ముప్పయి రోజుల్లో జవాబివ్వాలి. నా అర్జీ ఎవరి బల్ల మీద ఆగింది అని అడిగితే చాలు, చాలాసార్లు అర్జీకి కాళ్లొస్తాయి.

మూడు, చట్టం. మనమీద దౌర్జన్యం జరిగితే 1989 చట్టం ఉంది. 2015లో దాన్ని సవరించారు, 2016 జనవరి 26 నించి అమల్లో ఉంది. ఎఫ్.ఐ.ఆర్. నకలు మనకి ఊరికే ఇవ్వాలి. దర్యాప్తు డీఎస్పీ హోదాకి తగ్గని అధికారి చెయ్యాలి. అరవై రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి. వకీలు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవా సంస్థ ఉచితంగా ఇస్తది. ఎస్సీ ఎస్టీలకి ఆదాయం ఎంతని కూడా చూడరు. ఫోను 15100. దౌర్జన్యాల మీద ఫిర్యాదుకి 14566. ఈ రెండు నంబర్లూ ఈ గోడమీద, ఆ మూల, తలుపంత అక్షరాలతో రాయించాలి. రాత్రి పన్నెండింటికైనా తలుపు తీసి, ఆ మాటలు చెదిరిపోకముందే కాయితం మీద పెట్టే మనిషి ఒకరు ఉండాలి.

నాలుగు, ఆడవాళ్ల సమయం. పొదుపు సంఘాలు ఇన్నేళ్లుగా వేపచెట్టు కింద కూర్చుంటున్నాయి, వానొస్తే లేచి పోతున్నాయి. వారానికి ఒక మధ్యాహ్నం ఈ హాలు పూర్తిగా ఆడవాళ్లదే. మగవాళ్లు బయట అరుగు మీద కూర్చోండి. తేళ్లుంటాయి, జాగ్రత్త! నవ్వుతున్నారు గానీ, ఆ మధ్యాహ్నమే నర్సమ్మని పిలిచి బీపీ, షుగరు చూపించుకోవచ్చు. మిరపకాయ కోతలకి పోయి చేతులు మండిపోయి, నడుములు పడిపోయి, అదేదో మామూలే అనుకుని తిరుగుతున్నాం.

ఐదు, మంచీ చెడ్డా. పెళ్లికైనా చావుకైనా రెండు పల్లెలకీ ఒకటే రేటు, ఒకటే వరస. ముందు చెప్పినవాళ్లకి ముందు. చావుకి డబ్బు తీసుకోవద్దు.

ఇక డబ్బు సంగతి. పైకప్పుకి మేస్త్రీ అరవై వేలు అన్నాడు. కరెంటు బిల్లు పదకొండు వేలు బాకీ ఉంది. నీతులు చెబితే కారే కప్పు ఆగదని నాకు తెలుసు. లెక్క చూద్దాం. రెండు పల్లెల్లో రెండొందల పది ఇళ్లు. ఇంటికి నెలకి ఇరవై రూపాయలు. నెలకి నాలుగు వేల రెండొందలు. ఏడాదికి యాభై వేల నాలుగొందలు. వ్యాపారి ఇస్తానన్నదానికంటే పదివేల నాలుగొందలు ఎక్కువ! ఇరవై రూపాయలు రెండు టీల డబ్బు. ఇవ్వలేని ఇళ్లు ఉంటాయి, ముసలివాళ్లు, ఒంటరివాళ్లు. వాళ్ల దగ్గర అడగొద్దు. ఆ లోటు నాలాంటి జీతగాళ్లం పూడుస్తాం. నెలకి ఐదొందలు నా పేరున రాసుకోండి.

అరవై వేలు ముందుగా ఎక్కణ్ణించి తెస్తాం? అడగాల్సినచోట అడుగుదాం. 2013లో ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. మన జనాభా వాటాకి తగ్గ డబ్బు మన బతుకు బాగుకే ఖర్చుపెట్టాలని చట్టం. దాని గడువు పదేళ్లు, 2023లో మన రాష్ట్రంలో ఇంకో పదేళ్లు పొడిగించారు. గ్రామసభలో మనం రెండు పల్లెల వాళ్లం కలిసి పోయి, హాలు మరమ్మతు అని తీర్మానం రాయించాలి. రాయకపోతే లేవకూడదు. అది వచ్చేదాకా తాటాకో రేకో కప్పుకుని చదువు మొదలుపెడదాం. అరుగు మీద చదివినదాన్ని నేను, కారే కప్పు కింద చదవలేరని ఎలా అనగలను?

వ్యాపారితో నాకు పగ లేదు. ఆయన వ్యాపారం ఆయనది. కానీ ఆలోచించండి. ఫిబ్రవరి నించి ఆగస్టు దాకా అన్నాడు. పదో తరగతి పరీక్షలు ఎప్పుడు? మార్చిలో. స్కాలర్‌షిప్పు కాయితాలూ, గురుకులం సీట్లూ, బళ్లు తెరవడం ఎప్పుడు? అంతా ఆ నెలల్లోనే. మే తుఫాను వచ్చింది ఎప్పుడు? ఏప్రిల్ 14 ఎప్పుడు? ఏడాదిలో మనకి హాలు అవసరమైన నెలలే ఆయనకీ అవసరం. మిగతా నెలల్లో కూడా ఆ ఘాటు పోదు. ఆ గదిలో పసిపిల్లని కూర్చోబెట్టి చూడండి, పుస్తకం తెరవకముందే తుమ్ముద్ది.

చివరిగా తాళంచెవి. నా ప్రతిపాదన చెబుతాను, మీరు మార్చండి. ఏడుగురితో కమిటీ. అందులో నలుగురు ఆడవాళ్లు. రెండు పల్లెల నించీ సమానంగా, ఏడో మనిషి ఒక ఏడాది ఇటు, ఒక ఏడాది అటు. ఏ పార్టీ పదవిలో ఉన్నవాళ్లూ వద్దు. తాళంచెవులు రెండు: ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగపల్లెలో, రెండూ ఆడవాళ్ల దగ్గరే. వచ్చిన డబ్బూ పోయిన డబ్బూ నెలనెలా ఈ గోడమీద నల్లబల్ల మీద రాయాలి, చదువురాని వాళ్లకి చదివి వినిపించాలి. ఏడాదికోసారి ఏప్రిల్ 14న కమిటీ మొత్తం దిగిపోయి లెక్క చెప్పి, మళ్లీ ఎన్నుకోవాలి. దండలు వెయ్యడం ఆ తర్వాత.

మా బాబాయి ఒక్కడి మీద ఆధారపడ్డాం. ఆయనతో పాటే తలుపు పడింది. ఆ తప్పు నాది కూడా. ఆయన పోయాక నేను ఉద్యోగం, పిల్లలు అని చెప్పి రావడం మానేశాను. 2017లో ఆ అక్క ఊరు వదిలిపోయిన రోజున నాకు ఫోను చేశారు. నేను బళ్లో ఇన్స్‌పెక్షను ఉందని రాలేదు. దీపం కింద చదువుకున్నదాన్ని, ఆ దీపం ఆరిపోతుంటే వచ్చి చూడలేదు. చదువుకున్నవాళ్లం పట్నాలకి పోయి, ఏప్రిల్ 14కి ఒక్కసారి వచ్చి మైకులో ఆత్మగౌరవం గురించి మాట్లాడి పోతే, తాళంచెవి ఆసామి దగ్గరికి పోకుండా ఎక్కడికి పోద్ది? నన్ను మీరు అడగాలి. నాలాంటి ప్రతి ఉద్యోగస్తుణ్ణీ అడగాలి. ఇక నించి ఆదివారం అర్జీల బల్ల దగ్గర కూర్చునే పని నాది. రాకపోతే నా పేరు కూడా నల్లబల్ల మీద రాయండి.

ఇప్పుడు చేతులెత్తమంటారు. పెద్దల ముఖం చూసి ఎత్తవద్దు. వెనక గోడకి ఆనుకున్న అక్కలారా, మీరు ముందుకి రండి. ఇసక మోసిన తట్టలు మీవి, మీ అమ్మలవి. ముందు మీ చేతులు లెక్కపెడదాం.

ఎవరేమన్నా, రేపు సాయంత్రం ఆరింటికి నేను చీపురు పట్టుకుని ఈ గుమ్మం దగ్గర ఉంటాను. గబ్బిలాల్ని తోలాలి, నేల కడగాలి. నలుగురు తోడు రండి. పిల్లల్ని పుస్తకాలతో పంపించండి.

జై భీం!